బల్లకు దూరం పెట్టిన మనిషి

మార్చి 4

ప్రియమైన అక్కకు,

ఇంటిల్లిపాదీ ప్రభువు కాపుదలలో ఉన్నాం. నీవూ అలాగే ఉన్నావని తలచి ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను.

గడచిన ఆదివారం మందిరంలో ఒక కఠినమైన పని చేయవలసి వచ్చింది. మా గంటాయన సంగతి నీకు ఇదివరకే చెప్పాను. గంట కొట్టి, మందిరం ఊడ్చి, బెంచీలు తుడిచే మనిషి. ఎండిన కట్టెలా ఉంటాడు. తాగుడు మానమని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. ఆదివారం రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే వేళ తూలుతూ వచ్చి బల్ల ముందు మోకరించాడు. గిన్నె అందుకోబోయి ఒలికించాడు. తెల్లని బట్ట మీద ఇంత మరక. పిల్లలు కిసుక్కున నవ్వారు.

నేను గిన్నె కింద పెట్టి సంఘమంతా వినేలా చెప్పాను: "ఈ మనిషి గంట కొట్టవచ్చు, నేల ఊడ్వవచ్చు. ప్రభువు బల్లకు మాత్రం రాకూడదు. అందరి ఎదుట నిలబడి తప్పు ఒప్పుకొని, నేను గాని నా తరువాతి కాపరి గాని నోటితో 'రమ్ము' అని పిలిచేదాకా అతడు ఈ బల్లకూ బయటివాడే, మన సమాధుల తోటకూ బయటివాడే."

అక్కా, నా గొంతు గోడలకు తగిలి మళ్ళీ నా చెవిన పడింది. సంఘపెద్దలు ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా తీర్మానంగా రాసుకున్నారు. గంటాయన మాత్రం లేచి, "సరే అయ్యగారూ" అని, మరకపడ్డ బట్ట ఉతకడానికి చుట్టి తీసుకుపోయాడు.

గొంతు కాస్త బొంగురుపోయింది. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నాను. నీ ఆసుపత్రి ఉద్యోగం ఎలా సాగుతోంది?

ప్రభువు పనిలో,
నీ తమ్ముడు

మార్చి 19

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం వచ్చింది. సంఘానికి నువ్వు అయ్యగారివి, నాకు కాదు గనక ఇలాగే పిలుస్తాను.

ముందు ఒక మాట. ఇది ఆసుపత్రి ఉద్యోగం కాదురా. ఇది మంచాన పడి లేవలేని వాళ్ళుండే ఇల్లు. నేను ఆయాని. పొడుగాటి గది, రెండు వైపులా ఇనప మంచాలు, ఎంత కడిగినా పోని ఫినాయిల్ వాసన. కిటికీ పక్క మంచం మీద ఒక రిటైర్డు జడ్జిగారున్నారు. జీవితమంతా ఎంతమందికి శిక్షలు వేశారో గానీ, ఇప్పుడు పొద్దున్నే నాకు అర్జీ పెట్టుకుంటారు, "అమ్మా, ఇవాళ స్నానం వద్దమ్మా" అని. నేను కొట్టేస్తాను. కంగారుపడకు, అర్జీనే.

గంటాయన సంగతి చదివాను. ఆ బట్ట ఎవరు ఉతికారో చదివాక మిగతాది బుర్రకెక్కలేదు. తాగినవాణ్ణి బయట కూర్చోబెట్టి, మత్తు దిగాక మాట్లాడి ఉండొచ్చు కదా? సమాధుల తోట దాకా ఎందుకు పోయావు? నాన్న కూడా ఇంతే, మొదలుపెడితే ఆపడం తెలీదు. నాకేం చదువు లేదు, నీకు చెప్పేంతదాన్ని కాదు. తోచింది రాశాను.

మే నెలలో సెలవు ఇస్తామన్నారు. వచ్చి మీ దగ్గర కొన్నాళ్ళుంటాను. మరదలి చేతి వంట తిని చాలా కాలమైంది. గొంతు డాక్టరుకి చూపించు. ఉప్పునీళ్ళకి అన్నీ తగ్గవు.

మీ అక్క

ఏప్రిల్ 21

అక్కకు,

ఉత్తరం అందింది. మే నెలలో రావద్దు. ఇక్కడ వరుసగా ప్రార్థన కూటములున్నాయి. ఇంటికి పెద్దలు వచ్చిపోతూ ఉంటారు. నీకు ఇబ్బంది. తరువాత నేనే పిలుస్తాను.

గంటాయన విషయంలో నేను చేసింది సంఘ క్షేమం కోసమే. అది నీకు బయటినుంచి అర్థం కాదు.

ప్రార్థనలో జ్ఞాపకం చేసుకో.

నీ తమ్ముడు

మే 2

తమ్ముడికి,

అర్థమైందిలే. పెద్దలు వచ్చిపోయే ఇంట్లో మంచాల కింద పాత్రలు తీసే అక్క ఉంటే ఇబ్బందే మరి. నాకు కాదు, నీకు.

మందిరం వార్షికోత్సవానికి వచ్చినప్పుడు నీ సంఘపెద్ద ఎదుట "మా అక్క, నర్సు" అన్నావు. "నర్సుని కాదండీ, ఆయాని" అన్నాను. నీ మొహం మాడిన రొట్టెలా అయింది. అప్పుడే తెలిసింది. అయినా తెలియనట్టు ఇన్నేళ్ళూ ఉత్తరాలు రాశాను. సేవ గురించి నువ్వంత బాగా చెబుతావు గదా, సేవ చేసేవాళ్ళు నీ ఇంటి గుమ్మం తొక్కకూడదా?

నాకు కోపం లేదు. అలిసిపోయానంతే. ఇక నువ్వు రాస్తే రాస్తాను.

అక్క

జూలై 9

అక్కా,

ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవడం కోపం వల్ల కాదు. ఇది ఆసుపత్రి మంచం మీద, ఒళ్ళో దిండు పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు.

నువ్వు వస్తానన్నప్పుడే నాకు మెడ పక్కన గడ్డ తగిలింది. నువ్వు చూస్తే ఒక్క చూపులో పోల్చుకుంటావు. అందుకే రావద్దన్నాను. కూటములూ లేవు, పెద్దలూ లేరు. గొంతులో పుండు, బాగా ముదిరింది. కోసి మాటపెట్టె మొత్తం తీసేశారు. మెడ ముందు రంధ్రం పెట్టి గొట్టం అమర్చారు. ఊపిరి అక్కణ్ణించే. ఇక మాట రాదు. కొంచెం కూడా రాదు. చాలాసార్లు నోరు తెరిచి చూశాను.

నీ మరదలు ఇచ్చిన పలక మీద రాసి చూపిస్తుంటాను. నిన్న ఒక సంఘస్థుడు చూడవచ్చి, నాకు వినపడదనుకున్నాడో ఏమో, చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. వెళ్తూ వెళ్తూ ఆమెతో "ఆ గొంతు ఇక లేదంటే నమ్మలేకపోతున్నానమ్మా" అన్నాడు. మనిషి ఉన్నాడో లేడో అడగలేదు.

మందిరానికి కొత్తగా చిన్న పాస్టరుని పంపారు. ఇల్లు ఆయనకివ్వాలి గనక మమ్మల్ని మందిరం వెనక రెండు గదుల్లోకి మార్చారు. అది న్యాయమే.

నర్సు అన్న మాట నిజమే. ఇప్పుడు రావద్దు. ఈ మెడతో నీకు కనిపించలేను.

నీ తమ్ముడు

ఆగస్టు 2

చిన్నోడా,

రావద్దంటే వచ్చాను. వచ్చి ఏం చేశాను గనక! నిన్న సాయంత్రం తిరిగి ఇక్కడికి చేరాను. బస్సులో దారంతా నిన్ను తిట్టుకుంటూనే ఉన్నాను.

వేడినీళ్ళ గిన్నె, మెత్తటి గుడ్డ పట్టుకుని నీ మంచం దగ్గరికొస్తే గోడవైపు తిరిగావు. భుజం మీద చెయ్యి వేస్తే విదిలించావు. ఈ చేతులు ఎంతమంది ఒళ్ళు కడిగాయిరా! ముక్కూ మొహం తెలియనివాళ్ళు పిల్లల్లా ఒళ్ళప్పగిస్తారు. నా తోడబుట్టినవాడి ఒళ్ళే నాకు పరాయిదయ్యింది.

ఇంకొకటి కూడా రాయకుండా ఉండలేను. నీ దుప్పటి ఎన్నాళ్ళుగా మార్చలేదు? దిండు మీద కఫం ఎండిపోయి ఉంది. మరదలు గుమ్మంలో నిలబడి చూస్తోందే తప్ప అడుగు లోపల పెట్టదు. అయ్యగారికి గొంతు ఉన్నన్నాళ్ళే భార్యా? ఇప్పుడు ఆ మనిషికి ఇంత చెయ్యడానికి చెయ్యి ఆడదా?

ఆఖరి రాత్రి ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడగబోతే పేతురు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడనీ, కడగనివ్వకపోతే నాతో నీకు పొత్తు లేదని ప్రభువు అన్నాడనీ నువ్వు ఎన్నిసార్లు వాక్యం చెప్పలేదు? విన్నది మేమేనా? నువ్వు వినలేదా?

అక్క

ఆగస్టు 24

అక్కా,

నీ ఉత్తరం నీ మరదలే విప్పింది. చదివి నా పక్కన పెట్టి వంటింట్లోకి పోయింది. రెండు రోజులు ఒక్క మాట ఆడలేదు. ఇంట్లో ఇద్దరం మూగవాళ్ళమయ్యాం.

ఆమెను లోపలికి రానివ్వనిది నేనక్కా. మొదటిసారి గొట్టం తీసి కడగబోయి కళ్ళు తిరిగి పడిపోయింది. అది చూసి సిగ్గుతో చచ్చాను. అప్పట్నుంచి దగ్గరికొస్తే చెయ్యి విసిరి పంపేస్తున్నాను. గుమ్మంలో నిలబడుతుందే, అది చూడలేక కాదు, వదిలి పోలేక.

నువ్వు వెళ్ళిన మర్నాడు కఫం అడ్డుపడి ఊపిరాగిపోయింది. కళ్ళ ముందు చీకట్లు. ఆమె బయటికి పరుగెత్తి కేకలు పెట్టింది. మందిరం ఊడుస్తున్న గంటాయన చీపురుతో సహా లోపలికొచ్చాడు. మందు కంపు. మనిషి తూలుతున్నాడు. గొట్టం లోపలిది లాగి, తన చొక్కాకే తుడిచి, తలకిందులుగా పెట్టబోయాడు. "అటు కాదు, ఇటు!" అని ఆమె వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ తడుముకుంటూ, ఒకళ్ళనొకళ్ళు కసురుకుంటూ నన్ను బతికించారు.

ఆ రోజు నుంచి పొద్దున్నే వస్తున్నాడు. ఇంట్లో కళ్ళు కనబడని తల్లి మంచాన ఉందట. ఆమె పని చూసుకుని నా దగ్గరికి వస్తాడు. వద్దని చెయ్యి ఊపాను. "తిడుతున్నారో, వద్దంటున్నారో, రమ్మంటున్నారో నాకెట్లా తెలుస్తుందయ్యగారూ, మీకు నోరు లేదుగా" అని నవ్వి, దుప్పటి లాగేశాడు. నిన్న కాళ్ళు కడిగాడు. లాక్కోలేదక్కా. నీ మరదలు ఇప్పుడు పక్కన నిలబడి నీళ్ళు పోస్తోంది.

వచ్చే ఆదివారం అందరి ఎదుట తప్పు ఒప్పుకో, మళ్ళీ బల్లకు పిలిపిస్తానని పలక మీద రాశాను. నీ మరదలు చదివి వినిపించింది. అతను గుడ్డ పిండుతూ "మందు మానలేదు కదయ్యగారూ. మానానని దేవుడి ముందు అబద్ధం చెప్పమంటారా?" అన్నాడు. మానేదాకా ఆగుదాంలే అనుకున్నాను.

నీ తమ్ముడు

సెప్టెంబర్ 3

చిన్నోడా,

ముందు నా మరదలికి: అమ్మా, నోరు జారాను. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూశాను గానీ ఎందుకు నిలబడిందో అడగలేదు. మంచాన పడ్డవాళ్ళని చూసే కళ్ళు, పక్కన నిలబడ్డవాళ్ళని చూడవు కాబోలు. నన్ను తిట్టు, పడతాను. మాట్లాడకుండా మాత్రం ఉండకు. ఒరేయ్, ఇది ఆమెకు చూపించు. వద్దులే, ఎలాగూ ఆమే విప్పుతుంది.

ఇప్పుడు నీకు. మానేదాకా ఆగడమేమిట్రా? నీ గొట్టం శుభ్రమయ్యేదాకా ఆగి నిన్ను ముట్టుకున్నాడా ఆయన? తూలుతూ వచ్చాడని బల్ల దగ్గర్నుంచి లేపావు. అదే తూలుతూ వచ్చి నీ ప్రాణం నిలబెట్టాడు. ఇంకేం ఒప్పుకోలు కావాలి నీకు? ఆ చిన్న పాస్టరుకి ఇవాళే చీటీ రాయి. ఈ ఆదివారమే పిలిపించు.

ఇక్కడ జ్వరాలు. నాతో పాటు పనిచేసే ఇద్దరు మంచమెక్కారు. ఎవరికి ఎవరు చేస్తున్నారో తెలియకుండా ఉంది.

అక్క

అక్టోబర్ 6

అక్కా,

నీ మాట విని ఉంటే బాగుండేది. నీ ఉత్తరం వచ్చాక కూడా ఆగాను. ఒక్క ఆదివారం తాగకుండా వస్తే చాలు, ఆ రోజే చీటీ రాద్దామనుకున్నాను. నా మాటకి అంత గౌరవమైనా దక్కాలనుకున్నాను. ఇది తప్ప వేరే కారణం వెతికితే దొరకలేదు.

గంటాయన చనిపోయాడు.

ముసురు పట్టింది. ఒక పొద్దున గంట మోగలేదు. మందిరం ప్రహరీ పక్క కాలవలో పడి ఉన్నాడని పాలవాడు వచ్చి చెప్పాడు. తాగి పడ్డాడన్నారు అందరూ. మా గదుల్లోకే తెప్పించాం. నేనూ నీ మరదలూ కడిగాం. నేను వంగలేకపోతే ఆమె ఎత్తి పట్టుకుంది. "మందు వాసన రావట్లేదండీ" అంది మెల్లిగా. వానకి కడుక్కుపోయిందో, ఆ రోజు తాగనేలేదో, ఎవరు చెబుతారు?

సంఘపెద్ద దగ్గరికి పోయి సమాధుల తోటలో చోటివ్వమని పలక మీద రాశాను. ఆయన మంచివాడే. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. "అయ్యగారూ, ఆ రోజు మీరన్న మాట ఇంకా మా చెవుల్లోనే ఉంది. తోటకు బయటివాడే అన్నారు. మీరు గానీ తరువాతి పాస్టరుగారు గానీ నోటితో పిలవాలన్నారు. పిలవండి, ఇప్పుడే గొయ్యి తవ్విస్తా." ఎగతాళికి అనలేదక్కా. ఉన్నది చెప్పాడు. పలక మీద "రమ్ము" అని పెద్దగా రాసి ఎత్తి చూపించాను. చదివాడు. "నోటితో అని రాసుకున్నామండీ" అన్నాడు.

పక్కనే ఉన్న చిన్న పాస్టరు వైపు తిరిగాను. ఆయన నేల చూపులు చూస్తూ, "నేను మొన్నొచ్చినవాణ్ణండీ. మీ తీర్మానం నేనెలా కాదంటాను?" అన్నాడు.

నోరు తెరిచాను. మెడలోంచి గాలి బుస్సుమంది. ఆ చిన్న పాస్టరు భయపడి వెనక్కి జరిగాడు.

ఊరి చివర మున్సిపాలిటీ వాళ్ళ శ్మశానంలో పెట్టాం. గోతులు తవ్వేవాళ్ళిద్దరు, మేమిద్దరం, అంతే. ప్రార్థన చెయ్యడానికి ఎవరూ లేరు. పదిమందిలో ఏనాడూ నోరు విప్పని నీ మరదలు కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈయన రోజూ మా ఇంటికొచ్చాడు. ఇవాళ మేం వచ్చాం" అంది. ఇంకేమీ రాలేదు ఆమెకు. గోతులు తవ్వేవాళ్ళు పారలు పట్టుకుని, ఇంకా ఉందేమోనని ఎదురుచూశారు.

ఇప్పుడు నా గొట్టం ఆమే కడుగుతోంది. కళ్ళు తిరగడం లేదు.

నీ తమ్ముడు

అక్టోబర్ 15

తమ్ముడూ,

ఓదార్చడానికి నాకేమీ తోచలేదు. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. తప్పు నీది కాదని రాస్తే నువ్వు నమ్మవు, నేనూ నమ్మను.

ఒకటి అడుగుతాను. ఆయన తల్లి సంగతి ఒక్క ముక్క రాయలేదేం? కళ్ళు లేని మనిషి, మంచాన ఉంది. ఆమెకు ఎవరు పెడుతున్నారు? ఎవరు పక్కకు తిప్పుతున్నారు? ఏడ్చింది చాలు, లేచి పో. జావ గోరువెచ్చగా ఉండాలి. తల కింద చెయ్యి పెట్టి ఎత్తు. మింగిందాకా రెండో చెంచా పెట్టకు. పక్కకు తిప్పి పడుకోబెట్టకపోతే వీపు పుండ్లు పడుతుంది. దీనికి గొంతుతో పనిలేదు.

కృతజ్ఞత ఆశించకు. మా జడ్జిగారు మొన్న పోయారు. ఆఖరి రోజు స్నానం చేయిస్తుంటే మొహాన ఉమ్మేశారు. తుడుచుకుని, మిగిలిన వీపు కూడా కడిగాను. సగం కడిగి వదిలేస్తారా ఎవరైనా?

అక్క

నవంబర్ 28

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజు నుంచే ముసలమ్మ దగ్గరికి వెళ్తున్నాను. ఒకటే గది. కిటికీ లేదు. గోడవారన మంచం, మూలన నీళ్ళ కుండ. పక్కింటామె అప్పుడప్పుడూ ఇంత పెడుతోందట. కొడుకు పోయాడని చెప్పే ధైర్యం లేక, పనిమీద పొరుగూరు వెళ్ళాడని చెప్పిందట.

మొదటి రోజు తలుపు తీయగానే ముసలమ్మ, "వచ్చావా? ఇన్నాళ్ళా రావడం?" అంది. నేనేం చెప్పను, ఎలా చెప్పను? తల ఎత్తి జావ పెట్టాను. "మళ్ళీ తాగొచ్చి నోరు మూసుకున్నావు కదూ. నాకు వాసన తగలకూడదనేగా" అని తిట్టింది. తిడుతూనే తాగింది.

రోజూ ఇంతే. తిట్లలో ఎక్కువ నాకే, అంటే పాస్టరుకి. "ఇవాళ కూడా పోయావా వాడి గొట్టం కడగడానికి? బల్లకు పనికిరాని చేతులు గొట్టానికి పనికొచ్చాయా?" అనేది. నేను ఆమె వీపు తుడుస్తూ వినేవాణ్ణి. ఎంత పెద్ద మందిరంలోనూ నేను చెప్పిన వాక్యం ఇంత సూటిగా ఎవరికీ తగిలి ఉండదు. నీ మరదలు గుమ్మంలో నిలబడి "నేను చెప్పేస్తానండీ" అని సైగ చేసేది. వద్దని తల ఊపేవాణ్ణి. మంచితనం వల్ల కాదు. ఆమె నన్ను కొడుకనుకుంటున్నంతసేపే నేను ఆ గదిలో ఉండగలిగేవాణ్ణి.

గడ్డ మళ్ళీ వచ్చిందక్కా, ఈసారి రెండోవైపు. డాక్టరు ఎక్కువ చెప్పలేదు, నేనూ అడగలేదు. నేను పోయాక ముసలమ్మకి మీ దగ్గర ఒక మంచం దొరుకుతుందేమో కనుక్కో. ఇది మాత్రం మరిచిపోకు.

మొన్న ఆమె తల దువ్వుతున్నాను. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. "నా కొడుక్కి తల దువ్వడం చాతకాదు. చిక్కు పట్టి లాగేస్తాడు. నువ్వు లాగవు" అంది. దువ్వెన పక్కన పెట్టాను. "వాడు పోయాడు. ముసురు పట్టినప్పుడే తెలిసింది. బతికుంటే రాకుండా ఉండేవాడు కాదు. ఎవరైతేనేం, జావ పెడుతున్నారు అనుకుని, వాణ్ణి తిట్టినట్టే నిన్నూ తిట్టాను. ఇవాళ తెలుసుకోవాలనుంది. ఎవరు నాయనా నువ్వు?"

నీ మరదలు ఆ రోజు రాలేదు. పలక ఉంది, ఆమెకు కళ్ళు లేవు. ఆమె చెయ్యి తీసుకుని నా మెడ దగ్గర, గొట్టం మీద పెట్టాను. వేళ్ళు తడుముతూ పోయి రంధ్రం దగ్గర ఆగాయి. నా ఊపిరి ఆమె వేళ్ళకు తగులుతోంది. కొడుకు చెప్పే ఉంటాడు. చాలాసేపు అలాగే ఉంచింది. తరువాత చెయ్యి లాక్కుని దుప్పటికి తుడుచుకుంది. మొహం తిప్పేసుకుంది. ఆ పూట జావ ముట్టలేదు. పొమ్మనలేదు, ఉండమనలేదు.

నిన్న వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. అయినా వెళ్ళాను. జావ వెచ్చబెట్టి, మంచం దగ్గర కూర్చుని, తల కింద చెయ్యి పెట్టాను. విదిలించలేదు. నోరు తెరిచింది. తిట్టడానికో, తినడానికో తెలియక చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"పెట్టు" అంది.

నీ తమ్ముడు